జైసల్మేర్ హాస్టల్‌లో తక్కువ ఖర్చుతో ఎలా ఉండాలి: వరంగల్ నుంచి వెళ్లేవాళ్ల కోసం

రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్దామనుకునే మన వరంగల్, హనుమకొండ పిల్లలు మొదట అడిగేది "రాత్రికి ఎంత?" అనే. డార్మిటరీలో ఒక మంచం మామూలు రోజుల్లో 300 నుంచి 800 రూపాయల మధ్య దొరుకుతుంది. దాని గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. అసలు ఖర్చు వేరే చోట ఉంటుంది. ఏ వారంలో వెళ్లారు, స్టేషన్‌లో ఎవరి ఆటో ఎక్కారు, ఒంటె సఫారీ ఎవరితో ఎలా మాట్లాడుకున్నారు అన్నదాన్ని బట్టే మీ జేబులో ఎంత మిగులుతుందో తేలుతుంది. వీటిలో చాలావరకు ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. అందుకే కింద చెప్పిన పనుల్లో సగం బయల్దేరక ముందు చేయాల్సినవే.

ముందు తేదీలు ఖాయం చేసుకోండి

ఎండాకాలం సెలవుల్లో మాత్రం వద్దు. మే నెలలో అక్కడ 42, 43 డిగ్రీలు మామూలు సంగతి, కొన్ని రోజులు ఇంకా పైకి పోతుంది. వరంగల్ ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు కదా అనుకోకండి. అక్కడ ఎండతో పాటు ఇసుక గాలి కూడా కొడుతుంది. దసరా సెలవులు కాస్త నయం, అయినా అక్టోబరు మొదట్లో మధ్యాహ్నాలు బయట తిరగలేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలైన సమయం. అందులోనూ దీపావళి వారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే రోజులు తీసేయండి. గుజరాత్, ఢిల్లీ వైపు నుంచి జనం విరగబడతారు, అదే మంచం రేటు రెండింతలు మూడింతలు అవుతుంది.

మనకు అన్నిటికన్నా బాగా కుదిరేది సంక్రాంతి తర్వాతి రోజులు. చలి ఉంటుంది, జనం తగ్గుతారు. ఇంట్లో సకినాలు, అరిసెలు ఇంకా ఉంటాయి, రైల్లో ఎన్ని గంటలైనా పాడుకావు.

ఒక్క సంగతి చూసుకోండి. జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం మాఘ మాసంలో జరుగుతుంది, పౌర్ణమితో ముగుస్తుంది. ఒంటెల పందేలు, తలపాగా కట్టే పోటీలు, జానపద పాటలు ఉంటాయి. చూడాలనుకుంటే రెండు నెలల ముందే మంచం బుక్ చేయండి, వద్దనుకుంటే ఆ వారం వదిలేయండి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర కూడా ఆ మాఘ పౌర్ణమి రోజుల్లోనే పడుతుంది. జాతర ఉన్న ఏడాది ఇంట్లోవాళ్లు ఎడారికి పంపుతారన్న ఆశ పెట్టుకోవద్దు, పంపినా మీకే మనసు ఒప్పదు. ఆ ఏడాది నవంబరు చివర్లో వెళ్లి రండి.

కోట లోపలా, కింద ఊళ్లోనా?

ఈ నిర్ణయం దగ్గర కాస్త ఆగండి. నా అభిప్రాయం గట్టిది: కోటను రోజూ చూడండి, పడుకోవడం మాత్రం కింద ఊళ్లో పడుకోండి.

ఈ కోటను 1156లో రావల్ జైసల్ కట్టించాడు. మన ఖిలా వరంగల్‌లో కోట గోడల మధ్య ఊరు ఉన్నట్టే, అక్కడా కోట లోపల కొన్ని వేల మంది ఇప్పటికీ కాపురముంటున్నారు. పూర్వం నీళ్లను కింది నుంచి బిందెల్లో మోసుకొచ్చేవాళ్లు, కాబట్టి చుక్క వృథా అయ్యేది కాదు. తర్వాత పైపులు వచ్చాయి. వాటి వెంట హోటళ్లు, ప్రతి గదికీ బాత్‌రూములు వచ్చాయి. అంత నీళ్లు బయటికి పోయే కాలువలు మాత్రం ఆ కోటకు ఎప్పుడూ లేవు. వాడిన నీళ్లు కోట కింద ఉన్న గుట్టలోకి ఇంకాయి, గుట్ట మెత్తబడింది, గోడలు కుంగాయి, కొన్ని బురుజులు కూలాయి. 2013లో యునెస్కో రాజస్థాన్ కొండకోటల్లో ఒకటిగా దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మురుగు కాలువల పనులు కొంత జరిగాయి, కానీ లోపల పడుకునే ప్రతి మనిషి స్నానం నీళ్లూ ఆ గుట్ట మీదే పడతాయి. మన కోట తోరణాల మీద ఎవరైనా పేర్లు చెక్కితే మనకు ఎంత కడుపు మండుతుందో తెలుసు. వాళ్ల కోట విషయంలో మనం చేయగలిగిన సాయం ఇది, పైగా దీనివల్ల మనకే డబ్బు కలిసొస్తుంది.

ఎందుకంటే కింద ఊళ్లోని హాస్టల్ డాబా మీద కూర్చుంటేనే కోట మొత్తం కనిపిస్తుంది. పొద్దు గుంకేటప్పుడు ఆ పసుపు రాయి బంగారు రంగుకు తిరుగుతుంది. కోటలో ఉంటే ఆ దృశ్యం దొరకదు. గాంధీ చౌక్, అమర్ సాగర్ గేటు, గడీసర్ చెరువుకు వెళ్లే దారి, ఈ చుట్టుపక్కల ఎక్కడ దిగినా బజారు, కోట రెండూ నడిచే దూరంలో ఉంటాయి.

బుక్ చేసేముందు ఫోన్ చేయండి

యాప్‌లో ఫోటోలు చూసి డబ్బు కట్టేయకండి. ముందు గత రెండు నెలల్లో రాసిన అభిప్రాయాలు చదవండి. పాతవి వదిలేయండి, ఎందుకంటే అక్కడ హాస్టళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. దుప్పట్లు, వేడినీళ్లు, సఫారీ అన్న మూడు మాటలు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి చదవండి.

తర్వాత నేరుగా ఫోన్ చేయండి. మన ఉర్దూ కలిసిన హిందీ అక్కడ చక్కగా అర్థమవుతుంది. "ఆప్" అని మర్యాదగా మాట్లాడితే చాలు. అడగాల్సినవి ఇవి: రైలు తెల్లవారుజామున దిగితే అప్పుడే లోపలికి రానిస్తారా, దానికి వేరే డబ్బు ఉందా? వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి? మంచానికి ఎన్ని రజాయిలు ఇస్తారు? లాకర్ ఉందా, తాళం మనదే తెచ్చుకోవాలా? వయసు పరిమితి ఏమైనా ఉందా? చాలా హాస్టళ్లు డార్మిటరీలోకి చిన్నపిల్లలను తీసుకోవు, కొన్నిచోట్ల నలభై, నలభై అయిదు దాటిన వాళ్లకు కూడా మంచం ఇవ్వరు. అమ్మానాన్నలతో వెళ్తుంటే అదే హాస్టల్‌లో విడి గది అడగండి, లేదా రాజస్థాన్ పర్యాటక సంస్థ నడిపే హోటల్ మూమల్ చూడండి.

చివరగా ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "మేం సఫారీ మీ దగ్గర తీసుకోకపోయినా ఇదే రేటేనా?" చవక బసలు చాలావాటికి లాభం మంచం మీద రాదు, సఫారీ మీద వస్తుంది. అది తప్పేమీ కాదు, వాళ్ల బతుకుదెరువు. అయితే రాత్రికి నూరు, నూటయాభై అని కనిపించే చోట్ల కొన్ని సఫారీ వద్దనగానే మొహం మార్చేస్తాయి, రేపటికి గది ఖాళీ లేదంటాయి. జవాబు నసుగుతూ వచ్చిందంటే ఇంకో చోటు చూసుకోండి. సరేనన్నారంటే ఆ మాటలే వాట్సాప్‌లో ఒకసారి రాయించుకోండి.

ఆడపిల్లలు వెళ్తుంటే ఆడవాళ్లకే విడిగా ఉన్న డార్మిటరీ చూసుకోండి. రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటారా అని అడగండి.

దారి, సంచి

కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దిగుతారు. ఢిల్లీలోని వేరే స్టేషన్ల నుంచి జైసల్మేర్‌కు నేరుగా రైళ్లున్నాయి. ఢిల్లీలో రైలు మారేందుకు కనీసం సగం రోజు ఖాళీ పెట్టుకోండి, డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. నిజామాబాద్, కామారెడ్డి వైపు వాళ్లకు ఇంకో దారి ఉంది. 2025లో మొదలైన కాచిగూడ, భగత్ కీ కోఠీ (జోధ్‌పూర్‌లోని స్టేషన్) రైలు మీ ఊళ్ల మీదుగానే జోధ్‌పూర్ చేరుస్తుంది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు రైల్లోనైనా బస్సులోనైనా అయిదారు గంటలు.

సంచి చిన్నదిగా ఉండాలి. బంక్ మంచం పక్కన పెద్ద సూట్‌కేసు పెట్టే జాగా ఉండదు. పెట్టుకోవాల్సినవి: సొంత తాళం, తువ్వాలు, రబ్బరు చెప్పులు, చిన్న టార్చి, నీళ్ల సీసా, ఆధార్. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి దాన్ని తీసుకోరు. వరంగల్ చలి చూసి స్వెటర్ ఒక్కటి చాలనుకోవద్దు. జనవరి రాత్రుల్లో అక్కడ ఏడెనిమిది డిగ్రీలు మామూలు, కొన్ని రాత్రులు అయిదు కిందికీ పోతుంది. మంకీ క్యాప్, సాక్సులు, లోపల వేసుకునే థర్మల్ జత తీసుకోండి. పగలు మళ్లీ పాతిక డిగ్రీల ఎండ, కాబట్టి విప్పడానికి వీలుగా పొరలు పొరలుగా వేసుకోవాలి. గాలి చాలా పొడిగా ఉంటుంది, పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి నెత్తురు కూడా వస్తుంది. కొబ్బరి నూనె చిన్న సీసా ఉంటే పెదాలకు, ముక్కు లోపలి అంచులకు రోజూ రాత్రి రాసుకోవచ్చు.

స్టేషన్‌లో దిగాక

స్టేషన్ నుంచి కోట రెండు కిలోమీటర్ల అటూఇటూ. దిగగానే మీ చుట్టూ పదిమంది చేరతారు. "ఆ హాస్టల్ మూసేశారు", "ఫ్రీగా దింపుతాను, గది చూసి నచ్చితేనే ఉండండి", ఇలా అంటారు. ఆ ఫ్రీ ఆటో వెనక కమీషన్ ఉంటుంది, అది మీ గది రేటులోనో సఫారీ రేటులోనో కలుస్తుంది. రాత్రే హాస్టల్‌కు ఫోన్ చేసి పికప్ ఉందో లేదో అడగండి, చాలామంది పంపుతారు. లేకపోతే మామూలు ఆటో ఎంత ఉంటుందో వాళ్లనే అడిగి, ఆ రేటుకే మాట్లాడుకోండి. వద్దని చెప్పేటప్పుడు గొంతు పెంచకండి. నవ్వుతూ "బుకింగ్ హై భాయ్ సాబ్" అని నడుస్తూ ఉంటే వాళ్లే వదిలేస్తారు.

డార్మిటరీలో

మెట్లు ఎక్కి దిగడం కష్టమైతే కింది మంచం, చార్జింగ్ పాయింట్ దగ్గర ఉన్నది అడగండి. డాబాకు దగ్గరున్న గది వద్దు, అక్కడ రాత్రి పన్నెండు దాకా పాటలు, మాటలు ఉంటాయి. మంచం ఎక్కేముందే పరుపు దులిపి చూడండి, దుప్పటి మాసి ఉంటే మొహమాటం లేకుండా మార్పించుకోండి.

మనం నలుగురైదుగురం కలిసి వెళ్తే ఒక అలవాటు మార్చుకోవాలి. తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటూ, ఫోన్ స్పీకర్‌లో రీల్స్ పెట్టుకుని, ఇంటికి వీడియో కాల్ చేసి "అమ్మా, ఇదిగో మంచం" అని చూపిస్తాం. పక్క మంచంలో ముందు రాత్రంతా బస్సులో వచ్చిన మనిషి పడుకుని ఉంటాడు. కాల్స్ డాబా మీద మాట్లాడండి. తెల్లారి రైలు ఉంటే సంచి రాత్రే సర్దుకోండి, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు చీకట్లో చాలా ఎక్కువగా వినిపిస్తుంది. ఇసుకలో తిరిగి వస్తే బూట్లు, ప్యాంటు అంచులు బయటే దులిపి లోపలికి రండి. ఆ ఇసుక ఊడ్చే అక్కకు మీ వల్ల పని పెరగకూడదు.

సకినాలు తీసేటప్పుడు గదిలో అందరికీ పెట్టండి. హాస్టల్‌లో స్నేహాలు ఇలాగే కలుస్తాయి, తర్వాత జీపు పంచుకోవడానికి మనుషులు దొరుకుతారు.

నీళ్లు

వరంగల్ చుట్టుపక్కల ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు దగ్గరగా వాన పడుతుంది. జైసల్మేర్‌లో రెండు వందలకు అటూఇటూ. కాకతీయులు మనకు పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులు ఇచ్చి పోయినట్టే, ఆ ఊరికి గడీసర్ చెరువు ఉండేది. పద్నాలుగో శతాబ్దంలో రావల్ గడ్సీ దాన్ని బాగు చేయించాడు. వందల ఏళ్లు ఊరంతా దాని నీళ్లే తాగింది. ఇప్పుడు ఇందిరాగాంధీ కాలువ నీళ్లు వస్తున్నాయి. ఎక్కడో పంజాబ్‌లో బయల్దేరిన నీళ్లు మీ బకెట్‌లో పడుతున్నాయన్నమాట. చెరువుల జిల్లా నుంచి వెళ్లిన మనకు ఈ సంగతి ఇంకాస్త బాగా అర్థం కావాలి. షవర్ వదిలేసి బకెట్‌తో స్నానం చేయండి. బట్టలు ఉతకడం జోధ్‌పూర్ చేరాక పెట్టుకోండి. పొద్దున వేడినీళ్లకు అందరూ ఒకేసారి ఎగబడతారు. సోలార్ హీటర్ ఉన్నచోట మధ్యాహ్నం మూడు, నాలుగింటికి స్నానం చేస్తే నీళ్లు బాగా వేడిగా ఉంటాయి, చలీ ఉండదు.

తాగడానికి హాస్టల్ ఫిల్టర్ నీళ్లు సీసాలో నింపుకోండి. దాహం వేయకపోయినా తాగుతూ ఉండండి, పొడి గాలిలో చెమట తెలియకుండానే ఆరిపోతుంది.

తిండి

అన్నం లేదని బెంగ పెట్టుకోవద్దు, పప్పూ అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది. కానీ అక్కడిదాకా వెళ్లి కేర్ సాంగ్రీ తినకుండా రావద్దు. కేర్ ముళ్ల పొదకు కాసే చిన్న కాయ, సాంగ్రీ ఖేజ్డీ చెట్టు కాయ. ఆ చెట్టు మన జమ్మిచెట్టే. కరువులో ఇంకేమీ పండనప్పుడు వీటినే ఎండబెట్టి దాచుకుని వండుకునేవాళ్లు. సజ్జ రొట్టె, వెల్లుల్లి కారంతో తింటే మన నాలుకకు వెంటనే పడుతుంది. గట్టే కూర (శనగపిండి ముక్కలతో చేసేది), కఢీ (మజ్జిగ పులుసు లాంటిది), దాల్ బాటీ (పప్పు, కాల్చిన గోధుమ ఉండలు) తిని చూడండి. తీపికి ఘోటువా లడ్డూ ఆ ఊరి ప్రత్యేకం. నాలుగో రోజుకు నాలుక ఇంటిని అడుగుతుంది, అప్పటికి మామిడి తొక్కు చిన్న డబ్బా సంచిలో ఉంటే చాలు.

లస్సీ అడిగేటప్పుడు సాదా లస్సీ అని తేల్చి చెప్పండి, భాంగ్ (గంజాయి ఆకుతో చేసే మత్తు ముద్ద) కలిపిన లస్సీ కూడా అక్కడ అమ్ముతారు. భాంగ్ అమ్మడానికి లైసెన్సున్న దుకాణం కోట దగ్గరే ఉంది. సరదాకని తాగి, అలవాటు లేని ఊళ్లో, తెలియని మనుషుల మధ్య గంటల తరబడి టెన్షన్ పడాల్సిన అవసరం మనకు లేదు.

సఫారీ మాట్లాడుకోవడం

ఇక్కడ తొందరపడకండి. దిగిన రోజు ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. ఆ రోజంతా కోట, పట్వా హవేలీలు (పాత వ్యాపారుల చెక్కడపు భవనాలు) చూసి, సాయంత్రం హాస్టల్‌లో నిన్న వెళ్లొచ్చిన వాళ్లను అడగండి. ఎక్కడికి తీసుకెళ్లారు, తిండి ఎలా ఉంది, చెప్పింది చేశారా అని. తర్వాత హాస్టల్ రేటును బయట ఇంకో ఇద్దరి రేటుతో పోల్చి చూడండి.

ముందు చోటు తేల్చుకోండి. సమ్ ఇసుక తిన్నెలు ఊరికి 40 కిలోమీటర్ల దూరం. గుడారాల క్యాంపులు, డీజే, జీపుల హడావుడి అన్నీ అక్కడే. ఖూరీ ఇంకాస్త దూరం, అక్కడ హడావుడి తక్కువ. చుక్కలు చూడాలంటే ఖూరీ వైపు, అమావాస్య దగ్గరి రోజుల్లో వెళ్లండి. గుంపుగా ఆడిపాడాలనుకుంటే సమ్ మీకు నచ్చుతుంది.

రేటు ఒక్కటే విని ఊరుకోకండి. ఆ డబ్బులో ఏమేం కలిశాయో ఒక్కొక్కటిగా కాగితం మీద రాయించండి. రానూపోనూ జీపు, ఒంటె మీద ఎంతసేపు, మనిషికి ఒక ఒంటేనా ఇద్దరికి ఒకటా, నీళ్లు ఎన్ని లీటర్లు, రాత్రి భోజనం, పొద్దున టీ టిఫిన్, రజాయిలు, మరుగుదొడ్డి. తిన్నెల మీద జీపు తిప్పడానికి వేరే డబ్బు అడుగుతారు, వద్దంటే వద్దని ముందే చెప్పండి. దారిలో కుల్‌ధరా దగ్గర ఆపమనండి. పాలీవాల్ బ్రాహ్మణులు ఒకప్పుడు వదిలి వెళ్లిన ఊరు అది. సగం డబ్బు ముందు, సగం తిరిగొచ్చాక అంటే నిజాయితీగా చేసేవాళ్లు ఒప్పుకుంటారు.

ఎక్కేముందు ఒంటెను చూడండి. ముక్కు దగ్గర, వీపు మీద పచ్చి పుండ్లుంటే వేరేది అడగండి. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్ల మీద లేస్తుంది, మీరు ముందుకు తూలిపోతారు. వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోండి. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, అప్పుడూ వెనక్కే వాలాలి. మొదటిసారి ఎక్కేవాళ్లకు గంటన్నర, రెండు గంటలు చాలు, అంతకు మించితే మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేరు. తిన్నెల దగ్గర సిగ్నల్ ఉండకపోవచ్చు, యూపీఐ మీద ఆధారపడకుండా కొంత నగదు ఉంచుకోండి. ఒంటె నడిపిన మనిషికి బక్షీస్ నేరుగా అతని చేతికే ఇవ్వండి. చెత్తంతా మీ సంచిలోనే వెనక్కి తీసుకురండి.

బజారు, తిరుగు ప్రయాణం

కోట ముందున్న మాణక్ చౌక్ నుంచి సందులన్నీ బజారే. అద్దాల కుట్టు దుప్పట్లు, తోలు జోళ్లు, పసుపు రాతి గిన్నెలు దొరుకుతాయి. కొనేది చివరి రోజుకు పెట్టుకోండి, అప్పటికి నాలుగు చోట్ల ధర తెలిసిపోయి ఉంటుంది. ఆటో అతనితోనో గైడుతోనో కలిసి షాపుకు వెళ్తే ధరలో అతని వాటా కలుస్తుంది, ఒంటరిగా వెళ్లండి. హాబూర్ రాతి గిన్నెలో తోడు లేకుండానే పెరుగు తోడుకుంటుందని చెప్పి అమ్ముతారు. శిలాజాల గుర్తులున్న ఆ రాయి అందంగా ఉంటుంది, ఆ అందానికి ఎంత ఇవ్వొచ్చో అంతే ఇవ్వండి. కోటలోని జైన దేవాలయాలు పొద్దున పూటే చూసేయండి, మధ్యాహ్నానికి మామూలు సందర్శకులను ఆపేస్తారు. తోలు బెల్టు, పర్సు లోపలికి రానివ్వరు.

గది ఖాళీ చేసేది పది, పదకొండింటికి. రైలు సాయంత్రమైతే సంచులు రిసెప్షన్‌లో ఉంచుకోనిస్తారు, విలువైనవి మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. లాకర్ డిపాజిట్ కట్టి ఉంటే అడిగి తీసుకోండి. బాగా చూసుకున్నారనిపిస్తే అభిప్రాయం రాయండి, ఏ నెలలో ఉన్నారో, సఫారీ ఒత్తిడి ఉందో లేదో కూడా రాయండి, తర్వాత వెళ్లేవాళ్లు వెతికేది అదే. రాత్రి భోజనం ఊళ్లోనే రొట్టెలు కట్టించుకుని ఎక్కండి. ఢిల్లీలో కాజీపేట రైలుకు ముందు ఖాళీ, వెళ్లేటప్పుడు పెట్టుకున్నంతే మళ్లీ పెట్టుకోండి.